పాట ఎవరిదైనా, స్టేజీ కట్టే చేతులు ఎవరివి?

2025 జనవరి 25, 26 తేదీల్లో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో బ్రిటన్‌కు చెందిన కోల్డ్‌ప్లే బృందం రెండు ప్రదర్శనలు ఇచ్చింది. ఒక్కో రోజు లక్షమందికి పైగా వచ్చారు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, 28న భువనేశ్వర్‌లో జరిగిన పెట్టుబడుల సదస్సులో ప్రధాని 'కాన్సర్ట్ ఎకానమీ' అనే మాట ఎత్తారు. దీనికి కావాల్సిన మౌలిక వసతులు, నైపుణ్యాల మీద రాష్ట్రాలు, ప్రైవేటు రంగం దృష్టి పెట్టాలని కోరారు. అదే ఏడాది కేంద్ర సమాచార, ప్రసార శాఖ లైవ్ ఈవెంట్ల కోసం ప్రత్యేక విభాగాన్ని కూడా ఏర్పాటు చేసింది.

అప్పటినుంచి టికెట్ల ధరలు, హోటల్ గదులు, విమానాల రద్దీ గురించి లెక్కలు వస్తూనే ఉన్నాయి. అహ్మదాబాద్ ప్రదర్శనల వల్ల 641 కోట్ల రూపాయల ఆర్థిక ప్రభావం కలిగిందని ఒక నివేదిక చెప్పింది. టికెట్లు అమ్మిన సంస్థే భాగస్వామిగా ఉండి తయారుచేయించిన లెక్క అది. కాబట్టి కొంచెం తగ్గించుకుని చదివినా తప్పులేదు. అయినా ఈ రంగం పెరుగుతోందన్నది మాత్రం నిజం. ఫిక్కీ, ఈవై సంస్థల వార్షిక నివేదిక ప్రకారం 2024లో దేశంలో సంఘటిత లైవ్ ఈవెంట్ల వ్యాపారం 15 శాతం పెరిగి 10 వేల కోట్ల రూపాయలు దాటింది.

ఇంత చర్చలోనూ ఒక ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించడం లేదు. ఈ ప్రదర్శనలు తయారయ్యేది ఎక్కడ, తయారుచేసేది ఎవరు? గాయకుడు వచ్చి రెండు గంటలు పాడి వెళ్లిపోతాడు. అంతకుముందు వారాల తరబడి ఇనుము కోసేవాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు, వైర్లు లాగేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు పనిచేస్తారు. రోజీ రోటీ లెక్కలో చూసే కుటుంబాలకు అసలు విషయం అక్కడే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి అమెరికాలోని ఒక చిన్న ఊరి కథ బాగా పనికొస్తుంది.

బగ్గీలు తిరిగే రోడ్డు పక్కన

పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ నగరానికి కాస్త ఉత్తరాన లిటిట్జ్ అనే ఊరుంది. జనాభా పదివేలకు అటూఇటూ. 1756లో మొరేవియన్ అనే క్రైస్తవ వర్గం ఈ ఊరిని స్థాపించింది. దాదాపు వందేళ్లపాటు ఆ మత సంఘం బయటివాళ్లకు అక్కడ స్థిరపడే అవకాశమే ఇవ్వలేదు. చుట్టుపక్కల పల్లెల్లో అమిష్ కుటుంబాలు ఎక్కువ. నేటికీ గుర్రపు బగ్గీల్లో తిరుగుతారు, ఇళ్లకు కరెంటు లైను తీసుకోరు. మతం, కుటుంబం, పొలం, ఇవే వాళ్ల లోకం.

అలాంటిచోట, ఒకప్పటి పొలాల మధ్య, రాక్ లిటిట్జ్ అనే కాంప్లెక్సు ఉంది. మొత్తం 96 ఎకరాలు. 2014 సెప్టెంబర్‌లో మొదటి రిహార్సల్ స్టూడియో తెరిచారు. దాని విస్తీర్ణం 52 వేల చదరపు అడుగులు, ఎత్తు 100 అడుగులు. అంటే పది అంతస్తుల భవనం అంత ఎత్తు, లోపల మాత్రం ఒకటే హాలు. పైకప్పు నుంచి టన్నుల కొద్దీ లైట్లు, స్పీకర్లు, తెరలు వేలాడదీయవచ్చు. ఆ తర్వాత రెండున్నర లక్షల చదరపు అడుగుల మరో భవనం వచ్చింది. సౌండ్, లైటింగ్, వీడియో, రవాణా, సెట్ల తయారీ చేసే చిన్నా పెద్దా కంపెనీలు అందులో దుకాణాలు పెట్టుకున్నాయి. పనిమీద వచ్చేవాళ్లు ఉండటానికి 139 గదుల హోటల్ కూడా కట్టారు.

ఇక్కడ టికెట్లు అమ్మరు, ప్రేక్షకులు రారు. ప్రపంచమంతా తిరిగే పెద్దపెద్ద ప్రదర్శనలను ముందుగా కట్టి, నడిపి చూసి, తప్పులు దిద్ది, లారీలకెక్కించి పంపే చోటు ఇది. పెళ్లికి ముందు వంటమనిషి ఓసారి రుచి చూపించినట్టు కాదు. మొత్తం వలీమాను ముందే ఒకసారి వండి, వడ్డించి, గిన్నెలు కడిగి, మళ్లీ సర్దినంత పని.

ఇంత ఖర్చు ఎందుకు?

2000 సంవత్సరం ప్రాంతంలో ఇంటర్నెట్‌లో పాటలు ఉచితంగా దొరకడం మొదలయ్యాక క్యాసెట్లు, సీడీల అమ్మకం కుప్పకూలింది. గాయకుల ఆదాయం ఊరూరా తిరిగి ఇచ్చే ప్రదర్శనల వైపు మళ్లింది. జనం వేలకు వేలు పెట్టి టికెట్ కొంటున్నారంటే ఇంట్లో ఫోన్లో దొరకనిది ఏదో కళ్లముందు కనిపించాలి. దాంతో స్టేజీలు పెరిగాయి. 2009 నుంచి 2011 దాకా సాగిన యూ2 బృందం పర్యటనలో స్టేజీ నిర్మాణం ఎత్తు 50 మీటర్లు. ఒక ఊళ్లో ప్రదర్శన జరుగుతుంటే తర్వాతి ఊళ్లో ఇంకో స్టేజీ కడుతూ ఉండాలి కాబట్టి అలాంటి నిర్మాణాలు మూడు తయారుచేశారు. 2023 మార్చి నుంచి 2024 డిసెంబర్ వరకు టేలర్ స్విఫ్ట్ చేసిన పర్యటనలో 149 ప్రదర్శనలు జరిగాయి, టికెట్ల ద్వారానే 200 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

ఇంత డబ్బు ముడిపడిన చోట మొదటి రోజే ఏదో తెగిపడితే నష్టం మామూలుగా ఉండదు. ఇదివరకు పెద్ద ఇండోర్ స్టేడియాన్ని అద్దెకు తీసుకుని రిహార్సల్ చేసేవాళ్లు. దాని అద్దె భారీగా ఉంటుంది. పైగా ఆ స్టేడియానికి ఆటలు, ఇతర కార్యక్రమాల బుకింగులు ఉంటాయి, వారాల తరబడి ఎవరూ ఇవ్వరు. అందుకే స్టేడియం అంత ఎత్తుండి, ప్రేక్షకుల కుర్చీలు లేని భవనం అవసరమైంది.

లోపల జరిగే పని అంతా క్రమం మీద నడుస్తుంది. ముక్కలుగా వచ్చిన స్టేజీని నేల మీద పరుస్తారు. ఏ ముక్క ఏ ముక్కకు తగలాలో నంబర్లు వేస్తారు. అల్యూమినియం ట్రస్సులను మోటారు చైన్లతో పైకి లేపుతారు. ఏ కొక్కెం మీద ఎంత బరువు పడుతోందో లెక్కగట్టి రాసుకుంటారు. మొత్తం కట్టడానికి ఎన్ని గంటలు, విప్పడానికి ఎన్ని గంటలు పడుతుందో గడియారం పెట్టి చూస్తారు. చివరికి లారీల్లో సర్దడమూ ఒక లెక్కే. ముందు దింపాల్సింది చివర ఎక్కాలి. ఈ క్రమం కుదిరితేనే ఒక ఊళ్లో అర్ధరాత్రి విప్పిన స్టేజీ ఇంకో ఊళ్లో మర్నాడు సాయంత్రానికి నిలబడుతుంది.

మైకు సెట్టుతో మొదలైన ఊరు

ఇదంతా లిటిట్జ్‌లోనే ఎందుకు వచ్చిందంటే సమాధానం ఒక మైకు సెట్టు. ఆ ఊరి అన్నదమ్ములు రాయ్ క్లెయిర్, జీన్ క్లెయిర్‌లకు చిన్నప్పుడు క్రిస్మస్ కానుకగా ఒక చిన్న సౌండ్ సెట్టు వచ్చింది. దాన్నే ఊళ్లో ఫంక్షన్లకు అద్దెకు తిప్పడం మొదలుపెట్టారు. 1966లో లాంకాస్టర్‌లోని ఒక కాలేజీలో ఫోర్ సీజన్స్ అనే బృందం పాడింది. ఆ రోజు సౌండ్ అన్నదమ్ములదే. అది నచ్చి ఆ బృందం వాళ్లను తమతోపాటు ఊళ్లు తిప్పింది. అలా పుట్టిన కంపెనీ నేడు క్లెయిర్ గ్లోబల్ పేరుతో ప్రపంచంలోని అతిపెద్ద కాన్సర్ట్ సౌండ్ సంస్థల్లో ఒకటి.

వాళ్లు అక్కడున్నారని ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మైఖేల్ టెయిట్ 1978లో స్టేజీలు తయారుచేసే కంపెనీని అదే ఊళ్లో పెట్టాడు. సౌండ్ ఉన్నచోటికి స్టేజీ వచ్చింది, స్టేజీ ఉన్నచోటికి లైట్లు, తెరలు, పెట్టెలు, లారీలు వచ్చాయి. కొన్ని దశాబ్దాలకు రిహార్సల్ భవనం వచ్చింది. అంటే 96 ఎకరాల కాంప్లెక్సు మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. దానికి ముందు దాదాపు యాభై ఏళ్ల పనితనం ఉంది.

బ్రిటన్‌లో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. వేక్‌ఫీల్డ్ దగ్గర సౌత్ కిర్క్‌బీ ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. 1988లో గని మూతపడింది. ఇప్పుడు అదే ఊళ్లో ప్రొడక్షన్ పార్క్ పేరుతో రిహార్సల్ స్టూడియోలు, తయారీ షెడ్లు ఉన్నాయి. వాటితోపాటు స్టేజీ పనుల్లో డిగ్రీ చదువు చెప్పే అకాడమీ కూడా ఉంది. ఆ అకాడమీ తర్వాత రాక్ లిటిట్జ్‌లోనూ అడుగుపెట్టింది. కాంప్లెక్సుతోపాటు బడి కూడా వచ్చిందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి.

హైదరాబాద్‌లో ఈ పని కొత్తదేమీ కాదు

మైకు సెట్టు అద్దెకిచ్చే అన్నదమ్ముల కథ హైదరాబాద్ పాతబస్తీలోనో, కర్నూలులోనో, గుంటూరులోనో చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. షామియానా, డెకరేషన్, లైటింగ్, సౌండ్, జనరేటర్, వెల్డింగ్, లారీ డ్రైవింగ్, ఈ పనుల్లో తెలుగు రాష్ట్రాల ముస్లిం కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నికాహ్ స్టేజీ కట్టేదీ, మీలాద్ జల్సాకు మైకులు పెట్టేదీ, ఇజ్తెమాకు మైదానమంతా లైట్లు వేసేదీ వాళ్లే. రాజకీయ సభకు, గణేశ్ మండపానికి, బోనాల పందిరికి సామాను పంపేదీ చాలాచోట్ల వాళ్లే. పని నేర్చుకునేది ఉస్తాద్ దగ్గర. పన్నెండేళ్ల వయసులో వైరు చుట్టడంతో మొదలై, ఇరవై ఏళ్లకు మిక్సర్ ముందు కూర్చునేదాకా వస్తారు.

పనితనానికి లోటు లేదు. లోటు కాగితానికి. పదిహేనేళ్లు కరెంటు పని చేసినా చేతిలో వైర్‌మన్ పర్మిట్ ఉండదు. టన్ను బరువు లేపిన అనుభవం ఉన్నా రాసిచ్చే సంస్థ ఉండదు. పెద్ద కాన్సర్ట్ ఊళ్లోకి వచ్చినప్పుడు తేడా కనిపిస్తుంది. పైన ట్రస్సు కట్టేవాళ్లు, కంట్రోల్ దగ్గర కూర్చునేవాళ్లు ముంబై నుంచో విదేశం నుంచో వస్తారు. స్థానికులు దొరికేది లారీలు దింపడానికి, బారికేడ్లు మోయడానికి. ఒకే మైదానం, ఒకే రాత్రి, కూలీలో మాత్రం అనేక రెట్ల తేడా.

ఇంకో చిక్కు సీజన్. ఆషాఢం, మూఢం వస్తే హిందూ పెళ్లిళ్లు ఆగుతాయి. రమజాన్, ముహర్రం వస్తే ముస్లిం పెళ్లిళ్లు ఆగుతాయి. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లికి 50 మందే అన్నప్పుడు ఈ దుకాణాలు ఎలా కుదేలయ్యాయో ఆ కుటుంబాలకు చెప్పక్కర్లేదు. అదే ఏడాది ప్రపంచమంతా కాన్సర్టులు ఆగిపోయాయి, లిటిట్జ్ కూడా ఆ దెబ్బ తప్పించుకోలేదు. కాబట్టి ఈ రంగం శాశ్వత భద్రత ఇస్తుందని చెబితే అబద్ధమవుతుంది. కానీ పెళ్లిళ్ల మీద మాత్రమే ఆధారపడ్డ దుకాణానికి, పెళ్లిళ్లతోపాటు కంపెనీ సమావేశాలు, ఎగ్జిబిషన్లు, ఆటలు, ప్రదర్శనలు కూడా చేయగల దుకాణానికి తేడా ఉంటుంది.

ఆ ఒక్క చైను

ఈ పనిలో 'రిగ్గింగ్' అనే మాట ఉంది. ఎన్నికల రిగ్గింగ్ కాదు. మనుషుల తలల మీద బరువులు వేలాడదీసే పని. కాన్సర్ట్ రంగంలో అన్నింటికంటే బాధ్యత ఉన్నదీ, మంచి జీతం ఉన్నదీ ఇదే.

ఆ బాధ్యత ఏమిటో హైదరాబాద్‌కు తెలుసు. 2024 జనవరిలో రామోజీ ఫిలింసిటీలో ఒక ఐటీ కంపెనీ రజతోత్సవం జరిగింది. కంపెనీ అధిపతి, మరో ఉన్నతాధికారి ఒక బోనులాంటి వేదికలో నిలబడి పైనుంచి స్టేజీ మీదికి దిగాలన్నది ఏర్పాటు. ఒకవైపు ఆధారం తెగింది. ఇద్దరూ కిందపడ్డారు. కంపెనీ అధిపతి చనిపోయారు, రెండో ఆయనకు తీవ్ర గాయాలయ్యాయి. అమెరికాలోనూ ఇలాంటివి జరిగాయి. 2011 ఆగస్టులో ఇండియానా రాష్ట్ర జాతరలో ప్రదర్శనకు కాస్త ముందు గాలివాన వచ్చి స్టేజీ కప్పు కూలింది, ఏడుగురు చనిపోయారు. 2012 జూన్‌లో కెనడాలోని టొరంటోలో రేడియోహెడ్ ప్రదర్శనకు కొన్ని గంటల ముందు స్టేజీ కూలి ఒక టెక్నీషియన్ బలయ్యాడు. ఆ సమయంలో జనం ఇంకా లోపలికి రాలేదు. వచ్చి ఉంటే లెక్క వేరుగా ఉండేది.

రిహార్సల్ కాంప్లెక్సుల అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. బరువును ముందే తూచి, ప్రతి కొక్కేన్నీ చూసి, కాగితం మీద సంతకం పెట్టించే చోటు ఉంటే ప్రమాదాలు పూర్తిగా ఆగకపోయినా తగ్గుతాయి. మన దేశంలో పెద్ద ప్రదర్శనలు ఇప్పటికీ ఎక్కువగా క్రికెట్ స్టేడియాల్లో, ఖాళీ మైదానాల్లో జరుగుతున్నాయి. స్టేజీ, జనరేటర్లు, మరుగుదొడ్లు, బారికేడ్లు ప్రతిసారీ సున్నా నుంచి కట్టాలి. టైము తక్కువ, తొందర ఎక్కువ. ఆ తొందరలో పైకెక్కేది తాడు లేని కుర్రాడే. వాడు ఎవరి బిడ్డ అన్నది ఆ రాత్రి ఎవరూ అడగరు.

ఇళ్లలో వచ్చే ప్రశ్న

ఇక ఒక మాట సూటిగా మాట్లాడుకోవాలి. కాన్సర్ట్ అనగానే చాలా ఇళ్లలో పెద్దలు ముఖం చిట్లిస్తారు. సంగీతం గురించి ఉలమాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి, దాన్ని తేల్చడం వార్తలు రాసేవాళ్ల పని కాదు. రాత్రి పని, మద్యం అమ్మే చోటు, నమాజ్ వేళలు, వీటి గురించి తల్లిదండ్రుల ఆందోళన కూడా అర్థం లేనిది కాదు. 2024 నవంబర్‌లో దిల్జిత్ దోసాంజ్ ప్రదర్శనకు ముందు మద్యాన్ని, మత్తుపదార్థాలను, హింసను పొగిడే పాటలు పాడొద్దని తెలంగాణ అధికారులు నోటీసు ఇచ్చారు. అంటే ఈ ఆందోళన ఒక్క ముస్లిం ఇళ్లకే పరిమితం కాదు.

కానీ ఆ అభ్యంతరం దేనిమీదో విడదీసి చూడటం మంచిది. ట్రస్సు కట్టే మనిషి పాట పాడడు. జల్సా స్టేజీకీ, పుస్తకాల ఎగ్జిబిషన్‌కూ, క్రికెట్ మ్యాచ్‌కూ, కంపెనీ సమావేశానికీ పనికొచ్చేది అదే చేతిపని. లిటిట్జ్‌లోని టెయిట్ కంపెనీ నాటకశాలలకు, థీమ్ పార్కులకు కూడా సామాను తయారుచేస్తుంది. ఫలానా కార్యక్రమానికి వెళ్తాను, ఫలానాదానికి వెళ్లను అని చెప్పగలిగేది చేతిలో హునర్, దాని మీద ముద్ర ఉన్నవాడే. రోజు కూలీగా లారీ దగ్గర నిలబడ్డవాడికి ఎంచుకునే హక్కు ఎక్కడిది? ఈ ఒక్క కారణం చాలు, పిల్లలను కూలీ మెట్టు దగ్గర ఆపేయకుండా పైమెట్టుకు పంపడానికి. హలాల్ రిజ్క్ గురించి నిజంగా పట్టింపు ఉన్న కుటుంబం దీన్ని ముందుగా ఆలోచించాలి. వెళ్లాలా వద్దా అన్న సందేహం ఉంటే తెలిసిన ముఫ్తీని అడగొచ్చు. ఏ పని, ఏ కార్యక్రమం, ఏ వేళ అన్నది స్పష్టంగా చెప్పి అడిగితే జవాబూ స్పష్టంగా వస్తుంది.

ఆడపిల్లల సంగతీ ఉంది. మైదానంలో రాత్రి ప్రదర్శనకు పంపడానికి ఇష్టపడని ఇంటివాళ్లు కూడా, ఒకేచోట, పగటిపూట, ఆఫీసులాగా నడిచే పనికి అంతగా అడ్డుచెప్పరు. రిహార్సల్ కాంప్లెక్సులో అలాంటివి చాలానే ఉంటాయి. కంప్యూటర్ మీద స్టేజీ డ్రాయింగులు గీయడం, లైట్ల అమరికను తెర మీద ముందే చూపించడం, సామాను లెక్కలు, దుస్తుల కుట్టు. పాతబస్తీ ఇళ్లలో జర్దోజీ పని చేస్తున్న ఆడవాళ్లకు ముక్కకింతని ఇచ్చే డబ్బు ఎంత తక్కువో తెలిసిందే. అదే సూది పనికి వేరే లెక్కలో కూలీ ఇచ్చే చోటు ఇది.

శివారులో వస్తే ఏం అడగాలి

హైదరాబాద్ పెద్ద ప్రదర్శనల పటంలో ఇప్పటికే ఉంది. 2025 ఫిబ్రవరి 2న బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిలింసిటీలో పాడారు. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర దిల్జిత్ కార్యక్రమం జరిగింది. విమానాశ్రయం, ఔటర్ రింగు రోడ్డు, సినిమా సెట్లు కట్టే కార్మికులు, విజువల్ ఎఫెక్ట్స్ కంపెనీలు ఉన్న ఊరు ఇది. రిహార్సల్ కాంప్లెక్సు లాంటిది శివారులో పెట్టాలన్న ప్రతిపాదన రేపు ఎవరైనా తెస్తే ఆశ్చర్యం లేదు. అప్పుడు భూమి ఎంత, రాయితీ ఎంత అన్నవే వార్తలవుతాయి. కుటుంబాలు, మొహల్లా కమిటీలు, జమాత్‌లు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది శిక్షణ. మల్లేపల్లితో సహా 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని తెలంగాణ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టులో రంగారెడ్డి జిల్లా మీర్‌ఖాన్‌పేట దగ్గర యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. స్టేజీ ఎలక్ట్రీషియన్, రిగ్గర్, సౌండ్ టెక్నీషియన్ కోర్సులను అక్కడ పెట్టమని అడగడానికి ఇదే అదును. చేతిపనివాళ్ల కోసం కేంద్రం 2023 సెప్టెంబర్‌లో తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, దర్జీ, మంగలి ఉన్నారు, లైటింగ్, సౌండ్ పనివాళ్లు మాత్రం లేరు. రెండు రాష్ట్రాల మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్లు కుట్టుమిషన్లు, ఆటోల దగ్గరే ఆగకుండా ఈ సామాను కొనడానికి, పర్మిట్ పరీక్షలకు సాయం చేయమని ప్రతినిధుల ద్వారా అడగొచ్చు.

రెండోది పాత పనివాళ్లకు గుర్తింపు. నలభై ఏళ్ల ఉస్తాద్‌ను మళ్లీ బడికి పంపలేం. ఆయన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కావాలి. ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ముందున్న అనుభవాన్ని గుర్తించే ఏర్పాటు ఇప్పటికే ఉంది, దాన్ని ఈ వృత్తులకు తీసుకురావడమే మిగిలింది. గల్ఫ్ వెళ్లే కుటుంబాలకు కాగితం విలువ బాగా తెలుసు. 2019లో రియాద్ సీజన్ మొదలైనప్పటినుంచి సౌదీలో పెద్ద కార్యక్రమాలు ఏటా జరుగుతున్నాయి. దుబాయ్, అబుధాబీల్లో పెద్ద ఇండోర్ అరేనాలు వచ్చాయి. ఎలక్ట్రీషియన్ వీసా మీద వెళ్లినవాడికి, ఎత్తుమీద పని చేసే భద్రతా సర్టిఫికెట్ కూడా ఉన్నవాడికి అక్కడ దొరికే పని ఒకటి కాదు.

మూడోది భద్రత, హక్కులు. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థ అయితే, నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తించాలి. సబ్ కాంట్రాక్టుల పేరుతో మనుషులను విడగొట్టి దీన్ని ఎగ్గొట్టడం మామూలే. కాబట్టి కాంప్లెక్సుకు భూమి, రాయితీ ఇచ్చేటప్పుడే షరతు రాయించాలి. ఎవరి కింద పనిచేసినా ఈఎస్‌ఐ, ప్రమాద బీమా, ఎత్తుమీద పనికి సేఫ్టీ బెల్టు, శిరస్త్రాణం ఉండాలి. స్థానిక యువతకు ఎన్ని అప్రెంటిస్ సీట్లన్నది కూడా సంఖ్యతో సహా ఒప్పందంలో ఉండాలి. 'స్థానికులకు ప్రాధాన్యం' అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే చివరికి మిగిలేవి సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ ఉద్యోగాలే.

నాలుగోది ఇరుగుపొరుగు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఈ నియమం మసీదుకూ, గుడికీ, ఫంక్షన్ హాల్‌కూ వర్తిస్తుంది, మరి కాంప్లెక్సుకు సడలింపు ఎందుకు? మూసిన భవనం కాబట్టి లిటిట్జ్ స్టూడియో లాంటిది మైదానం కంటే నయమే. అయినా రాత్రిపూట లారీల రాకపోకలు, డీజిల్ జనరేటర్ల పొగ ఉంటాయి. అనుమతికి ముందే గ్రామసభలోనో, వార్డు సమావేశంలోనో ఇవి తేలాలి. భూమి ఎవరిది, వక్ఫ్ రికార్డుల్లో ఏముంది అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. గోడలు లేచాక కోర్టుల చుట్టూ తిరిగి అలసిపోయిన అనుభవాలు హైదరాబాద్ చుట్టుపక్కల తక్కువేమీ కాదు.

లిటిట్జ్ అనుభవంలో పెద్ద రహస్యమేమీ లేదు. పని ముందు వచ్చింది, భవనం తర్వాత వచ్చింది. భవనం వచ్చే నాటికి అక్కడి మనుషులు సౌండ్, స్టేజీ పనిలో ఆరితేరి ఉన్నారు కాబట్టి ఉద్యోగాలు వాళ్ల చేతికి అందాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ పని ముందే వచ్చి ఉంది, షామియానా గోదాముల్లో, సౌండ్ దుకాణాల్లో, వెల్డింగ్ షెడ్లలో. ఈ ఏడాది పదో తరగతి, ఇంటర్ అయ్యాక ఏం చేయాలా అని చూస్తున్న పిల్లవాడు దగ్గర్లోని ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరి, సాయంత్రాలు ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకుంటే దానికి ఏ కాంప్లెక్సూ రానక్కర్లేదు. వస్తే మాత్రం గేటు దగ్గర కూలీల వరుసలో కాకుండా లోపల పనిముట్ల పెట్టె దగ్గర నిలబడతాడు.